ఆ మంగళవారం బాపు ఎక్కడున్నాడు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. కరీంనగర్‌లో ఒక ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేయడం నా పని. మిషన్ చూపించిందే రాస్తాను, అనుమానం వస్తే మళ్లీ చేస్తాను. ఈ సంగతినీ అలాగే సరిచూసుకున్నాకే చెబుతున్నాను.

మా బాపు పాస్టరు. బెల్లంపల్లిలో బొగ్గుబాయి కొలువు వదిలేసి ఆదిలాబాద్‌లో రేకుల ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. అప్పటి నుంచి బతికినంత కాలం చుట్టుపక్కల పల్లెల్లో పరిచర్య చేశాడు. బస్సు పోయినంత దూరం బస్సులో పోయి, ఆపైన నడిచేవాడు. జ్వరంతో పడున్నవాళ్ల పక్కన కూర్చునేవాడు. ఎవరైనా పోతే సమాధి గుంత తవ్వడానికి తానే ముందు పార పట్టేవాడు.

నేను పదో తరగతిలో ఉండగా అమ్మ చనిపోయింది. ఆ తర్వాత ఇంట్లో మేమిద్దరమే. నిజానికి ఎక్కువ రోజులు నేనొక్కదాన్నే. ఎవరింట్లో కష్టమొచ్చినా బాపు అక్కడ ఉండేవాడు. మా ఇంట్లోనే ఉండేవాడు కాదు. బాపు అంటే నాకు ప్రాణం. కానీ ఆ కోపం మాత్రం పెద్దయ్యాక కూడా పోలేదు. నెమ్మదిగా నేను మందిరానికి పోవడం మానేశాను. ఎందుకని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ ఏడు పత్తి తీసే రోజుల్లో బాపుకు న్యుమోనియా వచ్చింది. కరీంనగర్ తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాను. ఆదివారం గొంతులో గొట్టం వేశారు. ఇక మాట లేదు, తెలివి కూడా లేదు. రోజూ మధ్యాహ్నం మూడింటి నుంచి మూడున్నర దాకా ఒక్కరిని లోపలికి పంపేవారు. మంగళవారం కూడా పుస్తకంలో సంతకం పెట్టి వెళ్లాను. ఆ అరగంటా బాపు చెయ్యి పట్టుకునే నిలబడ్డాను. బుధవారం పొద్దున ఆయన ప్రభువులో నిద్రించాడు.

ఆదిలాబాద్‌లో సమాధి చేశాక, కబురు అందని ఊళ్లు ఇంకా కొన్ని మిగిలాయి. పన్నెండో రోజున ఇచ్చోడ దాటి ఆటోలో ఒక పల్లెకు పోయాను. అక్కడ రాజవ్వ అనే ముసలామె ఇంటికి బాపు ప్రతి మంగళవారం వెళ్లేవాడని విన్నాను. ఆమె సంఘంలో చేరిన మనిషి కాదు. గోడకు దేవుళ్ల పటాలున్నాయి. నన్ను ఎన్నడూ చూడలేదు.

"పాస్టరు గారి కూతురిని" అన్నాను.

ఆమె ముఖం వెలిగింది. "అయ్యగారి బిడ్డవా! అయ్యగారు మంచిగున్నడా? మొన్న గా మంగళారం వచ్చిపోయినంక మళ్ల రాలే."

ఏ మంగళవారం అని అడిగాను. అంతకుముందు మంగళవారం కాదు, దాని ముందుది అంది. పొరబడి ఉంటుందనుకుని బాపు పోయాడని మెల్లగా చెప్పాను. ఆ మరునాడు బుధవారమే పోయాడని, ఆ మంగళవారం ఆసుపత్రిలో ఉన్నాడని చెప్పాను.

రాజవ్వ ఏడ్చింది. చాలాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, "మరి గీడనే కూసున్నడు గద బిడ్డా" అంది. "చాయ్ అద్దన్నడు. మా శంకర్ మస్కట్ నుంచి ఫోన్ జేస్తే, వానితోటి గూడ మాట్లాడిండు."

ఆమెది చిన్న బటన్ల ఫోను. కొడుకు తప్ప ఎవరూ చేయరు. తీసి చూశాను. ఆ మంగళవారమే, మధ్యాహ్నం మూడు గంటల పన్నెండు నిమిషాలకు కాల్ ఉంది.

అక్కడి నుంచే శంకర్‌కు ఫోన్ చేశాను. బాపు పోయిన సంగతి చెప్పకుండా ఆ రోజు గురించి అడిగాను.

"మాట్లాడిండక్కా. ఎండల జర పైలం రా అని ప్రార్థన జేసిండు. అయ్యగారి గొంతు నాకు తెల్వదా, చిన్నప్పటి సంది ఇంటున్న."

అప్పుడు చెప్పాను. వాళ్లమ్మకు ఫోన్ ఇమ్మన్నాడు.

బయలుదేరుతుంటే రాజవ్వ నా చెయ్యి పట్టుకుంది. "ఎప్పుడొచ్చినా నా కోసం ఆయన ప్రార్థన జేస్తుండె. గా దినం మాత్రం, రాజవ్వా, నువ్వే జెయ్యి, నాకొక బిడ్డున్నది, ఒక్కతే అయితది అన్నడు. నాకు రాదయ్యా అంటే, వచ్చిన కాడికి జెయ్యి అన్నడు. దినాం దీపం ముట్టిచ్చి మొక్కుతున్న. పేరు అడుగుడు మర్శిన. అయ్యగారి బిడ్డ అనే అంటున్న. నీ పేరేంది బిడ్డా?"

చెప్పాను. మరిచిపోకుండా ఉండాలని ఆమె ఆ పేరును రెండుసార్లు పైకి అనుకుంది.

ఇది జరిగి రెండేళ్లయింది. వేరే పాస్టరు ఎవరైనా వెళ్లారేమోనని విచారించాను. ఎవరూ వెళ్లలేదు. ఆసుపత్రి పుస్తకంలో నా సంతకం పక్కన టైము సరిగ్గానే ఉంది. ఇద్దరు మనుషులు నాతో అబద్ధం చెప్పడానికి కారణం కనబడదు. ఎన్ని విధాల ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

ఒక్కటి మాత్రం బాధగా ఉంటుంది. ఆ అరగంటా నేను మానిటర్ మీద అంకెలే చూస్తున్నాను. బాపు ముఖం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసి ఉంటే ఏమైనా తెలిసేదేమో.