హర్మ్ పరిచిన నేల

మా డచ్ ఊరు డూస్‌బర్గ్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు, తాము వేయించుకున్న చెక్కనేలను కూడా ఊడదీసుకుని పోతారు. కొత్తగా దిగేవాళ్ళు డబ్బిస్తే వదిలేస్తారు. లారీ నడిపి రిటైరైన మా పైవాటా హర్మ్ ఇల్లు ఖాళీ చేస్తూ తన నేలకు ఎనిమిది వందల యూరోలు అడిగాడు. బల్గేరియా నుంచి వచ్చి ఆ వాటాలో దిగుతున్న నర్సు నెవెనా దగ్గర అడ్వాన్సు కట్టాక మూడు వందలే మిగిలాయి.

"నేల కూడా లేని ఇంటికి అద్దె దేనికండీ?" అంది నెవెనా.

"గోడలకమ్మా. కప్పు కూడా ఉందిగా."

"మరి నేను సిమెంటు మీద పడుకోవాలా?"

"చలికాలం ఇంకా రాలేదులే," అంటూ హర్మ్ ఇనుప కడ్డీతో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెక్కలు మోయడానికి నన్ను పిలిచాడు. ఆ గది వంకర. ఒక గోడ రెండోదానికంటే జానెడు పొడవు. పరిచినప్పుడు ప్రతి చెక్కా దానికి తగ్గట్టు హర్మ్ తనే కోశాడు.

"ఇవి నీ కొత్తింట్లో సరిపడతాయా?" అన్నాను.

"నువ్వు మోయడానికొచ్చావు, మాట్లాడటానికి కాదు."

నెవెనా వంగి, హీటర్ గొట్టం చుట్టూ వేలితో తడిమింది. "ఇక్కడ ఇంత గుండ్రంగా ఎలా కోశారు? వెంట్రుక కూడా దూరదు."

హర్మ్ కడ్డీ కింద పెట్టాడు. "ఆ ఒక్కదానికే రోజంతా పట్టింది. పదకొండేళ్ళలో మా ఆవిడ కూడా అడగలేదు." లేచి, "ఆ మూడు వందలే ఇవ్వు. ఎత్తు మడమల చెప్పులతో తిరిగావో, వచ్చి ఊడదీస్తా," అన్నాడు.

ఆమె కాఫీ పెట్టింది. హర్మ్ గుమ్మం దాకా వెళ్ళి, బూట్లు విప్పి, సాక్సులతో మెల్లగా నడిచి వచ్చాడు.