ఈస్టర్ నాటి పుడ్డింగ్

మా ఇంట్లో మైక్రోవేవ్ చాలాకాలం బల్లలాగే పనికొచ్చింది. దాని మీద అల్లిక గుడ్డ, ఆ గుడ్డ మీద ప్లాస్టిక్ పూలకుండీ. లోపల బ్రెడ్డు దాచేవాళ్ళం, చీమలు పట్టకుండా. దాన్ని వంటకు వాడటం మొదలైంది మా చెల్లెలికి జబ్బు చేసిన ఏడాది.

చెల్లెలు పెళ్ళి చేసుకోలేదు. ఎల్బీనగర్‌లో మా ఇంట్లోనే ఉండేది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పని. పొద్దంతా కొనేవాళ్ళతో మాట్లాడి మాట్లాడి బొంగురు గొంతుతో ఇంటికొచ్చేది కాబట్టి, ఆ బొంగురు జబ్బు వల్లనని మాకెవరికీ తోచలేదు. క్యాన్సర్ అన్నారు దవాఖానలో. గొంతుకు కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, మొదలయ్యాక నోరంతా పూసింది. ఇడ్లీ ముక్క కూడా గీసుకుంటూ దిగేది. మెత్తగా, చల్లగా ఏదైనా సరే తినిపించండి, ఒంట్లో బలం లేకపోతే కరెంటు ఆపెయ్యాల్సి వస్తుందన్నారు డాక్టరు.

మా పై అంతస్తులో ఉండే ఆవిడది గోదావరి వైపు. ఆవిడ దిగి వచ్చి నాకు చాక్లెట్ పుడ్డింగ్ నేర్పింది. గాజు గిన్నెలో కార్న్‌ఫ్లోర్, కోకో పొడి, చక్కెర వేసి, చల్లటి పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు లేకుండా కలపాలి. మైక్రోవేవ్‌లో ఒక నిమిషం పెట్టి, తీసి కలిపి, మళ్ళీ పెట్టాలి.

"మధ్యలో కలపకపోతే అడుగు గట్టిపడి పైన నీళ్ళు తేలతాయండీ వదినగారూ," అంది.

కాసేపటికి రాగిజావలా దగ్గరపడింది. ఫ్రిజ్‌లో చల్లబరిచి చెల్లెలి ముందు పెట్టాం. అది ముట్టలేదు.

అవి లెంట్ రోజులు, ఈస్టర్‌కు ముందు వచ్చే మా ఉపవాసకాలం. బూడిద బుధవారం నుంచి ఈస్టర్ దాకా తీపి మానెయ్యడం దానికి చిన్నప్పటి అలవాటు. దానికి అన్నిటికంటే ఇష్టమైనది తీపే మరి. మామూలు రోజుల్లో శనివారం వచ్చిందంటే, పని నుంచి వస్తూ బేకరీ డబ్బా తేకుండా ఉండేది కాదు.

"ఒంట్లో బాగాలేనప్పుడు ఈ పట్టింపులేంటమ్మా? మీ దేవుడేమీ అనుకోడు, తిను," అంది పై ఆవిడ.

"దేవుడనడు వదినా. నేనే అంటా," అంది చెల్లెలు.

చర్చి అయ్యగారిని పిలిపించాను. ఆయన ప్రార్థన చేసి, మందనుకొని తినమన్నారు.

"అయ్యగారూ, మీరు గీ లెంట్ల చాయ్ మానేసిండ్రు గద. జ్వరమొస్తే తాగుతరా?" అంది చెల్లెలు.

"నన్నెందుకు ఇరికిస్తవమ్మా," అని నవ్వి ఆయన బైబిలు సర్దుకున్నారు.

మర్నాడు నేనే ఆలోచించి చక్కెర వెయ్యకుండా చేశాను. నల్లగా మెరిసే గిన్నె తెచ్చి ముందు పెట్టాను.

"గిది తీపి కాదు. కావాల్నంటే నాకి చూడు."

చెంచా నోట్లో పెట్టుకొని కళ్ళు గట్టిగా మూసుకుంది. "అక్కా, గిది కాకరకాయకు చెల్లెలు."

"నా చెల్లెలి కంటే నయమే. మింగు."

నవ్వింది, దగ్గింది, మింగింది. నొప్పి లేకుండా దిగిందని దాని మొహంలోనే తెలిసింది. గిన్నె గీకి మరీ తిన్నది.

ఆ రోజు నుంచి రోజూ అదే. తిన్నప్పుడల్లా ఒకటే మాట.

"పండుగ నాడు మాత్రం చక్కెర ఎయ్యాలె. జర ఎక్కువనే ఎయ్యి. ఇన్ని దినాలది కలిపి ఎయ్యి."

"చీమలు నిన్నే ఎత్తుకపోతయి."

"పోనీ. తిన్నంకనే గద."

దాన్ని ఆ పండుగ దాకా చేర్చాలి, ఆ గిన్నె తినిపించాలి, అంతే నా ఆశ. ఆ తర్వాతి సంగతి నేను దేవుణ్ణి అడగను కూడా లేదు.

ఈస్టర్‌కు వారం ముందు, మట్టల ఆదివారం నాడు చర్చి నుంచి నేను తెచ్చిన ఈతమట్ట చేతిలో పట్టుకొని కిటికీ దగ్గర కూర్చుంది. మర్నాటి నుంచి పుడ్డింగ్ కూడా దిగలేదు. పెదవులకు రాస్తే నాలుకతో అందుకునేది. గుడ్ ఫ్రైడే రాకముందే పోయింది.

ఈస్టర్ నాడు తెల్లవారుతుండగా సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించడం మా ఆచారం. పై ఆవిడ "నేనూ వస్తాను వదినగారూ" అని బంతిపూల దండ పట్టుకొని నాతో నడిచింది. ముందురోజు సాయంత్రం చేసిపెట్టిన పుడ్డింగ్ నా సంచిలో ఉంది. చెల్లెలి సమాధి మీది కొత్త మట్టి ఇంకా కుంగలేదు. కొవ్వొత్తులు గుచ్చి, ఒక చెంచాడు పుడ్డింగ్ ఆ మట్టి మీద పెట్టి, ఆవిడకొక చెంచాడు ఇచ్చాను. ఆవిడ నోట్లో పెట్టుకొని కాసేపు మింగలేదు.

"బాగుంది వదినగారూ," అంటూ అటు తిరిగింది.

నేనూ తిన్నాను. చేదు.

అన్ని రోజులుగా చేతికి అదే అలవాటైపోయింది. కార్న్‌ఫ్లోర్, కోకో, పాలు. చక్కెర డబ్బా వైపు పోనేలేదు.

ఇంటికొచ్చి, మిగిలినదానిలో చక్కెర పోసి, బాగా కలిపి మైక్రోవేవ్‌లో పెట్టాను. ఒకసారి గట్టిపడినదాన్ని మళ్ళీ కలియబెడితే విడిపోతుందని నాకు తెలియదు. తీపైతే అయింది గాని, నీళ్ళైపోయింది. అక్కడే నిలబడి గిన్నె ఎత్తి తాగాను. ఎక్కువనే ఎయ్యమంది కదా, ఎక్కువే వేశాను.