వాసన చూసే కోడి

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో ఊరి బజారులో నా చేపల బల్ల పక్కనే ముప్పై ఏళ్లుగా పెర్పెట్వా కోళ్లు కోసి అమ్ముతోంది. చేతిలో కత్తి కన్నా నోరే పదును. కిందటేడు ఏదో శిక్షణకు వెళ్లొచ్చి, “గాలి తగిలితే చాలట, కోడి మీద సూక్ష్మజీవులు కాపురం పెట్టేస్తాయట!” అంటూ సంచిలోంచి గాలి లాగేసే యంత్రం కొన్నది. కోళ్లు పెట్టిన ప్లాస్టిక్ సంచులు ఐసులో బిగుసుకుని నిగనిగలాడాయి.

కానీ మా ఊళ్లో వేలితో నొక్కి, వాసన చూడనిదే కోడిని ఎవరూ కొనరు. మొదటిరోజే టీచరమ్మ లుజ్విమిందా గోటితో ఒక సంచిని పొడిచి, వాసన చూసి, “బాగుంది” అంటూ పక్క సంచి అందుకుంది.

“పొడిచింది తీసుకోరేం?” అంది పెర్పెట్వా.

“దానికి చిల్లుంది కదా!”

పది గంటలకల్లా తొమ్మిది సంచులకు చిల్లులు పడ్డాయి.

మర్నాడు పెర్పెట్వా ఒక కోడిని సంచి లేకుండా కొక్కేనికి వేలాడదీసింది. “వాసనకు ఇది, వంటకు అవి” అని అందరికీ చెప్పింది. జనం నొక్కారు, వాసన చూశారు, సంచులు పట్టుకెళ్లారు. సాయంత్రం టీచరమ్మ వచ్చి, కొక్కెం మీది కోడిని నొక్కి, ముక్కు మూసుకుంది.

“ఛీ! కుళ్లిపోయింది, పెర్పెట్వా!”

“కుళ్లదా మరి? ఐసు లేదు, సంచి లేదు, పొద్దున్నుంచీ ఊరంతా తడిమింది. సంచిలో దాని చెల్లెళ్లు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి.”

టీచరమ్మ తన వేలు వాసన చూసుకుంది. గబగబా పావడాకు తుడుచుకుని, చేతులు వెనక్కి కట్టుకుంది.

“చిల్లు లేనిది నువ్వే తీసివ్వు. నేను ముట్టుకోను.”