గెడ్డలో రెండు దిమ్మలు

హుకుంపేట దాటాక కొండల్లో ఒక గెడ్డ ఉంది. మా వైపు కొండవాగును గెడ్డ అనే అంటారు. దాని మధ్యలో రెండు సిమెంటు దిమ్మలు నిలబడి ఉన్నాయి. వాటి మీద వంతెన లేదు. వంతెన పడకుండా ఆపిన సంతకం మా నాన్నదని నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అమ్మకు తెలుసు, నాకు తెలుసు. మేమిద్దరం కూడా ఆ విషయం ఒకరితో ఒకరం మాట్లాడుకోం.

నాన్న ఖజానా ఆఫీసులో గుమాస్తాగా చేరారు. డిపార్ట్‌మెంటు పరీక్షలు ఒక్కొక్కటే రాసుకుంటూ పైకొచ్చిన మనిషి. తొంభైల మధ్యలో, నేను ఆరో తరగతికి వచ్చిన ఏడు, ఆయన్ని ఏజెన్సీలో గిరిజన ప్రాంతాల పనులకు డబ్బు విడుదల చేసే అధికారిగా వేశారు. మైదానపు ఉద్యోగులు ఆ పోస్టింగును శిక్ష అనుకునేవారు. చలి, మలేరియా, బస్సు లేని రోడ్లు. నాన్న మాత్రం స్వెట్టరు కొనుక్కుని సంతోషంగా వెళ్లారు. ఇక్కడ పెట్టే సంతకానికి ఎక్కడో ఒక నుయ్యి పడుతుంది, ఒక బడికి కప్పు పడుతుంది అని అమ్మతో అనేవారు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో ఉన్న వెలుగు నాకు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత ఎంత పెద్ద కుర్చీలో కూర్చున్నా ఆ వెలుగు మళ్లీ చూడలేదు.

నేను మాటలు తక్కువ పిల్లని. కొత్త బడిలో హాజరు పిలిస్తే పలకడానికి కూడా గొంతు పెగిలేది కాదు. పక్కన కూర్చున్న అమ్మాయి నా బదులు లేచి, "ఉంది మేస్టారూ, నోరే నేదు" అనేది. క్లాసంతా నవ్వేది. నాకెందుకో కోపం రాలేదు. మా స్నేహం అక్కడ మొదలైంది.

ఆమెది గెడ్డ అవతలి ఊరు. పుస్తకాలూ ఒక పొడి పరికిణీ ఎరువుల సంచిలో చుట్టి, నెత్తిన పెట్టుకుని నీళ్లు దాటి వచ్చేది. బడి వెనక పరికిణీ మార్చుకుని, తడిసిన దాన్ని కిటికీ ఊచలకు ఆరేసేది. మేస్టారు ఆమె రాగానే గెడ్డ మహారాణి వచ్చిందనేవారు. మీరు అటు రారు గదా మేస్టారూ, నానే రావాల అని ఆమె జవాబు. హాస్టల్లో చేరమని అందరూ చెప్పి చూశారు. ఆమెకు తల్లి లేదు. తండ్రికి చూపు లేదు. పొద్దున్నా సాయంత్రం ఆయనకు అంబలి కాచి పెట్టే చెయ్యి ఆమెదే. కాబట్టి చీకటి పడకుండా ఇల్లు చేరాలి. సాయంత్రం ఆయన అవతలి గట్టున రాతి మీద కూర్చుని, ఆమె నీళ్లు దాటేదాకా పేరు పెట్టి పిలుస్తూనే ఉండేవాడట.

పది పాసై తమ ఊళ్లోనే చిన్నపిల్లలకు చదువు చెప్పాలని ఆమె కోరిక. అంతవరకూ ఆ ఊళ్లో పది చదివిన ఆడపిల్ల లేదు. మధ్యాహ్నం పూట నేను ఇంటి నుంచి తెచ్చిన కథల పుస్తకాలు ఇద్దరం చదివేవాళ్లం. నేను గొంతు విప్పి చదివింది ఆమె ఒక్కదాని ముందే. ఆమె వింటూనే కిటికీలోంచి కొండ మీద మబ్బు చూసేది. మబ్బు నల్లబడితే కథ సగంలో ఉన్నా సంచి నెత్తిన పెట్టుకునేది. "మిగతాది దాచు, రేపు ఇంటాను" అని పరుగెత్తేది. ఆ రేపు ఒక్కోసారి పది రోజులకు వచ్చేది. ఆ రోజుల్లో నా డైరీలో చాలా పేజీల్లో ఒకే మాట ఉంటుంది: రాలేదు.

మేం ఎనిమిదో తరగతిలో ఉండగా ఆ గెడ్డ మీద కాలివంతెనకు డబ్బు మంజూరైంది. నాన్నే ఆ మాట ఇంట్లో చెప్పారు. మర్నాడు నేను బడిలో ఆమె చెవిలో చెప్పాను. ఆమె నమ్మలేదు. తర్వాత గట్టున రాళ్లూ ఇసుకా దింపారని తనే వచ్చి చెప్పింది. ఆ రోజు పరికిణీ ఆరేస్తూ, ఇంకెన్నాళ్లే నీకు ఈ కిటికీ అని దాంతో మాట్లాడింది.

ప్రభుత్వం ఇచ్చే డబ్బుకు ఏడాదే ఆయుష్షు. మార్చి నెలాఖరుకు ఖర్చు కానిది వెనక్కి వెళ్లిపోతుంది. ఆ ఏడు కంట్రాక్టరు ఆలస్యం చేశాడు. మార్చి అయిపోవస్తున్నా పునాది తియ్యలేదు. ఒక మధ్యాహ్నం నాన్న జ్వరంతో ఇంట్లో ఉంటే ఇంజనీరు బిల్లు పట్టుకుని వచ్చాడు. నేను గదిలో పుస్తకంతో ఉన్నాను, మధ్యలో తెర మాత్రమే అడ్డం. ఇంజనీరు చెప్పింది కొత్త సంగతి కాదు. ఆ కొండల్లో అది మామూలు పద్ధతి. పని అయినట్టు రాసి డబ్బు ముందే తీసి ఉంచుతారు, ఎండాకాలంలో కట్టేస్తారు. నాన్నకు ముందున్న అధికారి అలా సంతకం పెట్టిన వంతెన ఒకటి పక్క ఊళ్లో ఉంది. అలాగే సంతకం పెట్టి, అసలు కట్టనివి కూడా ఉన్నాయి.

"కట్టని వంతెనకు కట్టినట్టు నేను సంతకం పెట్టను," అన్నారు నాన్న.

ఇంజనీరు కాగితాలు సర్దుకున్న చప్పుడు వినిపించింది. "మీ సంతకం శుభ్రంగా ఉంటుంది సార్. గెడ్డ కూడా అలాగే ఉంటుంది," అని వెళ్లిపోయాడు.

నాన్న ఆ డబ్బు వెనక్కి పంపారు. వచ్చే ఏడు అడిగితే ఇస్తారనే అనుకున్నారు. తొమ్మిదో తరగతి వానాకాలంలో నా స్నేహితురాలు బడికి రాని రోజులే ఎక్కువయ్యాయి. హాజరు చాలదని పేరు కొట్టేశారు. ఆ రోజు అన్నం తింటూ నేను జీవితంలో మొదటిసారి నాన్నను ఆయన ఉద్యోగం గురించి అడిగాను, వంతెన ఎప్పుడు కడతారని. ఆయన ముద్ద కలపడం ఆపారు. అడిగామనీ, పై నుంచి జవాబు వచ్చిందనీ చెప్పారు. పోయిన ఏడు ఇచ్చిందే ఖర్చు పెట్టుకోలేకపోయారు కాబట్టి మీకు అవసరం లేనట్టే అన్నారట. ఖర్చు కాని డబ్బును అక్కర్లేని డబ్బు కింద లెక్కేస్తారని నాకప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ఆమెను సంతలో చూశాను. అల్లం గంప ముందు కూర్చుని ఉంది. సగంలో ఆగిన కథ ఏమైందని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. ఎవరో బేరానికి వచ్చారు. ఆమె అటు తిరిగింది. మా బస్సు టైమైంది.

నాన్నకు హైదరాబాదు బదిలీ అయింది. సచివాలయంలో ఆర్థిక శాఖ. అక్కడ ఆయన మెట్టు తర్వాత మెట్టు ఎక్కారు. చివరికి రాష్ట్రం మొత్తం బడ్జెట్ తయారుచేసే కొద్దిమంది పెద్ద అధికారుల్లో ఒకరయ్యారు. జనవరి నుంచి మార్చి దాకా ఆయన మాకు ఉండేవారు కాదు. ఇంట్లో ఉన్నా పళ్లెం ముందు శూన్యంలోకి చూసేవారు. ఏ శాఖ ఎంత అడిగింది, ఎంత కొయ్యాలి అన్నదే ఆలోచన. ఊరందరి ఖర్చులూ కోసే మనిషికి ఇంట్లో బెండకాయ కొయ్యడం రాదని అమ్మ దెప్పేది. మంత్రులు ఆయన మాట వింటారని బంధువులు గొప్పగా చెప్పుకునేవారు. ఆయన ముందు కూర్చుంటే మాత్రం నాకు ఆ గొప్ప కనిపించేది కాదు. నుయ్యి, బడి, కప్పు అనే మాటలు ఆయన నోట వినబడడం మానేశాయి. శాతాలు మాత్రమే వినబడేవి.

కానీ ఆ గెడ్డను ఆయన మరిచిపోలేదు. ఆ సంగతి నాకు డిగ్రీ చదివేటప్పుడు తెలిసింది. ఒక ఉదయం కాఫీ తాగుతూ, "మీ గెడ్డకు మళ్లీ వంతెన మంజూరైందమ్మా," అన్నారు. ఎన్నిసార్లు, ఎవరికి చెప్పి పెట్టించారో నేను అడగలేదు. ఆయన నవ్వారు. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఆ నవ్వు చూసి మళ్లీ లోపలికి వెళ్లింది. తర్వాత దిమ్మలు లేచాయని తెలిసింది. పైన మనుషులు నడిచే సిమెంటు పలక వెయ్యడమే మిగిలింది.

ఆ ఏడు వానలు లేవు. రాబడి పడిపోయింది. ఎక్కడెక్కడ ఖర్చు ఆపాలో తేల్చే పని నాన్న మీద పడింది. సగంలో ఉన్న పనుల్లో పలక పడినవి పూర్తి చెయ్యాలి, పడనివి ఎక్కడివక్కడ ఆపాలి అని ఆయనే నిబంధన రాశారు. రాసేటప్పుడు ఆ రెండు దిమ్మలు ఆయన కళ్ల ముందు ఉన్నాయి. ఉన్నాయని ఆయనే చెప్పారు. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుని, ఆగిపోయిన వాటిలో మీ గెడ్డ కూడా ఉందమ్మా అన్నారు.

"ఆ ఒక్కటీ వదిలెయ్యలేరా నాన్నా?"

"తెలిసిన ఊరని నేను ఒకదాన్ని వదిలేస్తే, తెలిసినవాళ్లెవరూ లేని ఊళ్లకు దిక్కెవరమ్మా?"

అమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. "తెలిసిన ఊరు, తెలియని ఊరు అంటూ చివరికి ఏ ఊరికీ వెయ్యలేదు కదా," అని మాత్రం అంది.

నేను ఎంత ఆలోచించినా ఆయన చేసిన రెండింటిలో దేన్నీ తప్పు అనలేకపోయాను. ఒకటైనా తప్పైతే బాగుండేది. కోపం తెచ్చుకుని, కొన్నాళ్లు మాట్లాడడం మానేసి, తర్వాత మరిచిపోయేదాన్ని. ఏ తప్పూ చెయ్యకుండా ఒక మనిషి ఇంత చేటు చెయ్యగలడా అన్న ఆలోచన మాత్రం నన్ను వదలలేదు. నిద్రలేస్తూనే అది తగులుతుంది. ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టమని అందరూ అంటుంటే ఫారాలు తెచ్చుకుని బల్ల మీదే ఉంచాను.

ఆపిన పనులు మళ్లీ మొదలుపెట్టే లోపే నాన్న రిటైరయ్యారు. శాలువా కప్పారు, నిక్కచ్చి మనిషని పొగిడారు. ఆ దసరా వెళ్లాక అరకు వెళ్దామా అని నన్నడిగారు. ఎందుకో చెప్పలేదు. విశాఖ నుంచి రైలెక్కి, అరకులో దిగి, జీపులో హుకుంపేట మీదుగా గెడ్డ దగ్గరికి వెళ్లాం. దారంతా వలిసెల పూలు పసుప్పచ్చగా ఉన్నాయి. నాన్న వాటి వైపు తల తిప్పలేదు.

దిమ్మల మీంచి పైకి పొడుచుకు రావలసిన ఇనప ఊచలు లేవు. ఎవరో కోసి అమ్ముకున్నారు. రెండు దిమ్మలకీ కలిపి అడవితీగతో తాడు కట్టి ఉంది. నీళ్లు తొడల దాకా ఉన్నాయి. అవతల బట్టలు ఉతుకుతున్న మనిషి లేచి నిలబడి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత గంప ఒకటి నెత్తిన పెట్టుకుని, ఒక చిన్నపిల్లను చంకనేసుకుని, తాడు పట్టుకుని నీళ్లలోకి దిగింది. ఆమే. ఒడ్డుకు వచ్చి నన్ను తేరిపార చూసింది. "ఏటే గుంటా, ఇప్పటికైనా నోరొచ్చిందా?" అంది. నాకు ఏడుపొచ్చింది, మాట రాలేదు.

తండ్రి పోయాడనీ, తను ఆ ఊళ్లోనే పెళ్లి చేసుకుందనీ చెప్పింది. పిల్లకు బడి వయసు వచ్చింది. బడి ఇవతల, పిల్ల అవతల. నీళ్లు తగ్గిన రోజుల్లో దాటించుకుని వస్తోందట, వానలొస్తే మానిపిస్తోందట. తను చదివినంత తనే నేర్పుతోందట. అదీ తొమ్మిదో తరగతి వరకే గదా అని నవ్వింది. నాన్న ఆ పిల్లను చూస్తూ ఉండిపోయారు. ఆమె ఆయన వైపు తిరిగి, దిమ్మలైనా ఏయించారు బాబు, ఆ పలక కూడా మీ చేతి మీదే పడతాది అంది. పంచాయతీలో ఎవరో ఆమెకు అలా చెప్పారట.

నాన్న తలొంచుకోలేదు. ఆమె ముఖంలోకే చూస్తూ చెప్పారు. "ఆపింది నేనే తల్లీ. మొదటిసారీ నేనే. ఇప్పుడూ నేనే."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. నా వైపు చూసింది. నేను తలూపాను. నాన్న కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. ఆమె తిట్టలేదు. ఎందుకని కూడా అడగలేదు. అడిగితే ఆయన చెప్పేవారు, ఆయన దగ్గర కారణం ఉంది. ఆమె పిల్లను దింపి, గట్టు మీద పెట్టిన గంపలోంచి పండిన సీతాఫలాలు రెండు ఏరి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన వాటిని అలాగే పట్టుకుని జీపు వైపు నడిచారు, నలిగిపోతాయేమోనన్నట్టు.

నేను కూడా కదలబోతుంటే ఆమె నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి తడిగా, చల్లగా ఉంది. ఆ తర్వాత మేం అటు మళ్లీ వెళ్లలేదు. ఆమె నాతో అన్న ఆఖరి మాటలు ఇవే:

"మీ నాయిన్ని మరి ఇటు తీసుకురాకు గుంటా. ఆ దిమ్మల్ని చూసి ఆయన తట్టుకోలేడు. మాకైతే అలవాటైపోనాది."