వేళకాని సైరన్

కవాతు వరుసలో కుడి చివర నిలబడే మనిషిని గైడ్ అంటారు. మిగతావాళ్ళంతా గైడ్‌ను చూసే గీత సరిచేసుకుంటారు. కరీంనగర్‌లో డిగ్రీ రెండో ఏడాది చదువుతుండగా, జనవరి ఇరవై ఆరు పరేడ్‌కు మా ఎన్‌సీసీ అమ్మాయిల ముందు వరుసకు నన్ను గైడ్‌గా పెట్టారు. ఎత్తుగా పుట్టడం తప్ప నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదు. అయినా నస్పూర్‌లో మా బాపు, బొగ్గు బాయిలో తనతో పాటు దిగే వాళ్ళందరికీ చెప్పుకొని మురిసిపోయాడు. చూడ్డానికి వస్తానన్నాడు.

రిహార్సల్స్ మూడు వారాలు. సావధాన్ అన్నాక ముక్కు మీద ఈగ వాలినా కదలొద్దని మా హవల్దార్‌గారి శాసనం. చలికి వేళ్ళు కొయ్యబారినా నేను కదల్లేదు. ఆ సంగతి పక్కవాళ్ళకు వినబడేలా చెప్పుకునేదాన్ని కూడా.

పరేడ్ నాలుగు రోజులుందనగా, పొద్దున తొమ్మిదిన్నరకు, సావధాన్‌లో ఉండగా సైరన్ మోగింది.

బొగ్గు గనుల కాలనీలో పెరిగినవాళ్ళకు షిఫ్టు సైరన్లే గడియారం. వేళకాని వేళ మోగిందంటే కింద ఏదో జరిగిందని అర్థం. ఆడవాళ్ళు పొయ్యి ఆర్పి, చెప్పులైనా వేసుకోకుండా బాయి దగ్గరికి ఉరుకుతారు. దిగేవాళ్ళకు దీపాలిచ్చే గది ముందు నిలబడి, ఎవరి దీపం తిరిగి రాలేదో చూస్తారు. నా పదో ఏట, మేము అవ్వ అని పిలిచే అమ్మ చెయ్యి పట్టుకొని నేనూ అలా నిలబడ్డాను. ఆ రోజు బాపు దీపం వచ్చింది. మా పక్క క్వార్టర్ ఆయనది రాలేదు.

తొమ్మిదిన్నర ఏ షిఫ్టు వేళా కాదు. బాపు ఆ వారం మొదటి షిఫ్టు, అంటే కిందే ఉన్నాడు. వరుస విడిచి గేటు వైపు ఉరికాను. నన్ను చూసి నడవడం అలవాటైన ఇద్దరు పిల్లలు నాలుగడుగులు నా వెంట వేశారు కూడా. ఆ బాయి రెండు గంటల బస్సు దూరంలో ఉందన్న సంగతి గేటు దాకా గుర్తు రాలేదు. నెలాఖరున అమరవీరుల కోసం మౌనం పాటించే రోజు మోగించాల్సిన సైరన్ పనిచేస్తుందో లేదో పట్టణంలో చూస్తున్నారట. అవ్వకు ఫోన్ చేస్తే బాయి మీద అంతా మంచిగనే ఉందంది. అయినా మధ్యాహ్నం బాపు పైకొచ్చాడని తెలిసేదాకా నేను చేతిలో ఫోన్ వదల్లేదు.

హవల్దార్‌గారు తిట్టలేదు. తిడితే బాగుండేది. గైడ్ ఉరికితే వరుసంతా ఉరుకుతుందని చెప్పి, నా చోట ఇంకో అమ్మాయిని నిలబెట్టి, నన్ను మంచినీళ్ళ డ్రమ్ముల దగ్గర ఉండమన్నారు. ఇంట్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇరవై ఆరున బాపు ఇద్దరు దోస్తులను వెంటేసుకొని మొదటి బస్సుకే వచ్చాడు. టోపీ, యూనిఫాం వేస్తే దూరానికి అందరం ఒక్కలాగే ఉంటాం. ముందు వరుస కుడి చివరి పిల్లను చూసి ముగ్గురూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. డ్రమ్ముల వెనక నిలబడి అది చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

అంతా అయ్యాక బాపు నా భుజం తట్టి, అందరికన్నా నేనే మంచిగా నడిచానన్నాడు. ఊ కొడితే సరిపోయేది. కానీ చెప్పేశాను.

"అది నేను కాదు బాపూ. మొన్న సైరన్ మోగితే లైన్ల నుంచి ఉరికిన. తీసేసిన్రు."

దోస్తులిద్దరూ పక్కకు చూశారు. దోస్తుల ముందు పరువు తీశానని బాపుకు కోపమొస్తుందనుకున్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి తియ్యలేదు.

"గిన్నేండ్ల సంది నేను బాయి దిగినప్పుడల్లా నువ్వు గిట్లనే ఇనుకుంట కూసున్నవా, బిడ్డా?"

మర్నాటి నుంచి షిఫ్టు అయి పైకి రాగానే బాపు ఫోన్ చేస్తున్నాడు. "వచ్చిన" అంటాడు, పెట్టేస్తాడు. నా భయం పోగొట్టాలనే పాపం. ఆ ఫోన్ పావుగంట ఆలస్యమైతే మాత్రం క్లాసులో నాకు ఒక్క ముక్క చెవికెక్కదు.