ప్లంబరుగారి ఆకుల పిచ్చి

మా ఆయన ప్లంబరు. ముప్ఫై ఏళ్లుగా నలుగురి ఇళ్లలో మురుగు పైపులతో కుస్తీ పడుతున్నాడు. ఒకసారి ఎవరో మహాతల్లి లిఫ్టులో ఆయన పక్కన నిలబడి ముక్కు మూసుకుందట. ఆ రోజు పట్టుకుంది ఈ ఆకుల పిచ్చి.

బాల్కనీలో నిలువునా చీల్చిన లావుపాటి పైపు నిండా పుదీనా. పగిలిన వాష్‌బేసిన్‌లో నిమ్మగడ్డి. నీళ్లు పోయే కన్నం ఎలాగూ ఉందిగా అంటాడు. వాము ఆకు, దవనం వంటింటి కిటికీలో ఉంటాయి. కొమ్మలన్నీ వెలుతురు వైపే వాలిపోకుండా రెండ్రోజులకోసారి కుండీలు తిప్పుతాడు. నీళ్లెక్కువైతే ఆకు పెరుగుతుంది గానీ ఘాటు చస్తుందని నన్ను చెంబు ముట్టుకోనివ్వడు. కట్టుకున్నదాని మీద కూడా ఇంత నిఘా పెట్టలేదు.

పని నుంచి రాగానే స్నానం, ఆ తర్వాత సింకు దగ్గర నిలబడి గుప్పెడు ఆకులు నలిపి మోచేతుల దాకా రుద్దుకోవడం. ఇప్పుడిదంతా మా మనవరాలి కోసం. అమ్మాయి ఉద్యోగానికి వెళ్తూ మూడేళ్ల పిల్లను మా దగ్గర వదిలి వెళ్తుంది. తాత చేతులు చాపితే చాలు, అది ముక్కు పట్టుకుని నా చీర కుచ్చిళ్ల వెనక దూరేది.

"పసిదానికి తెలిసిపోతుందే, ఈ చేతులు ఎక్కడెక్కడ పెట్టొచ్చానో" అన్నాడొకరోజు. నా ప్రాణం ఉసూరుమంది.

"మీ మొహం! నాకెప్పుడూ ఏ వాసనా రాలేదు" అన్నాను.

"నీకు అలవాటైపోయింది."

మర్నాడు రోజ్‌మేరీ తెచ్చాడు. ఆ తర్వాత మరువం. దిండు గలీబులో కూడా ఆకులే. పిల్ల మాత్రం దగ్గరికి రాలేదు.

చివరికి ఒకరోజు మా సింకే మూసుకుపోయింది. ఊరందరి పైపులూ బాగుచేసే మనిషి ఇంట్లో, ఆయన నలిపి పారేసిన ఆకులే అడ్డం పడి! ఫోన్‌లో నేను పెట్టిన కేకలకు పని మధ్యలోనే పరుగెత్తుకొచ్చాడు. స్నానం లేదు, ఆకులు లేవు. వచ్చినవాడు వచ్చినట్టే సింకు కింద వెల్లకిలా దూరాడు.

పిల్ల మెల్లగా వెళ్లి పక్కన కూర్చుంది. పానా అందించింది. కాసేపటికి పాకుతూ పోయి ఆయన పొట్ట మీదికెక్కి బోర్లా పడుకుంది.

"దీన్ని తియ్యవే! ఒళ్లంతా చెమట, మురికి!" అని గావుకేక పెట్టాడు.

"ఏమే, ఇవాళ తాత దగ్గర వాసన రావట్లేదా?" అని అడిగాను.

అది ఆయన చొక్కాలో మొహం దూర్చి, "ఆకులు లేవుగా, ముక్కు మండట్లేదు. తాత బావున్నాడు" అంది.

నాకు నవ్వాగలేదు. ఆయన రెండు చేతులూ పిల్లకు తగలకుండా గాల్లో అలాగే ఎత్తి పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా దించి దాని వీపు మీద వేశాడు.

సింకు బాగుపడి అరగంటైనా లేవలేదు. ఏం చేస్తున్నారని అడిగితే, ఇంకా పనుందన్నాడు.