కుర్చీలో ఆరబెట్టిన అర్జీ

1926 జూలైలో ఒక మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు బళ్ల ఇన్‌స్పెక్టరు దొరగారు రంగూన్‌లోని మా బడికి వచ్చి, అయిదో గదిలో కుర్చీ మీద కూర్చున్నారు. కుర్చీలో ఒక కాగితం ఉంది. కాగితం మీద సిరా తడిగా ఉంది. పావుగంట తరవాత దొరగారు లేచారు. కాగితం కూడా లేచింది. అది నాలుగో గది గుమ్మం దగ్గర ఊడి పడిందిగానీ, అప్పటికే తెల్ల ప్యాంటు వెనక ఏడు వరసల ఇంగ్లీషు తిరగేసి అచ్చుపడింది. ఆయన అలాగే మరో మూడు తరగతులు తనిఖీ చేశారు. పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. 'క్రమశిక్షణ మెచ్చదగినది' అని రిజిస్టరులో రాశారు.

ఊడిపడిన కాగితాన్ని హెడ్మాస్టరు మర్యాదకొద్దీ తీసి దొరగారి చేతికిచ్చారు. అదే కొంప ముంచింది. దొరగారు దాన్ని చదివారు.

కాగితం అక్కడెందుకుందంటే, రంగూన్ వానల్లో సిరా ఆరదు. అద్దుడు కాగితమే నీళ్లోడుతుంటే అది సిరానేం పీలుస్తుంది? అందుకని ఇంగ్లీషు కాంపొజిషన్ చెప్పే ఎలీజా మాస్టారు పిల్లల కాగితాలను కుర్చీల్లో, కిటికీ గట్ల మీద, ఒక్కోసారి నా లెక్కల బల్ల మీద కూడా ఆరబెట్టేవారు. నేను సణిగేవాణ్ణి. "సత్యం గారూ, మీ లెక్కలు తడవ్వు కదా, కాస్త సర్దుకోండి" అనేవారు.

ఎలీజా గారి నాన్న విశాఖ నుంచి ఓడెక్కి వచ్చి, కెమ్మెండైన్ బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. ఎలీజా బాప్టిస్టు మిషను బడిలో చదివారు. కానీ ఇంగ్లీషు నేర్చుకున్నది రేవులో, కూలీలకు అర్జీలు రాసి. అర్జీ బాగుంటే పని అయ్యేది. బాగులేకపోతే రాయించుకున్నవాడు మర్నాడు వచ్చి నలుగురిలో తిట్టేవాడు. అంతకన్నా గట్టి పరీక్ష ఏ యూనివర్సిటీ పెడుతుంది?

ఆయన చేతికి అయిదుగురు రష్యా పిల్లలు వచ్చారు. వాళ్ల దేశంలో రాజు పోయాక, తల్లిదండ్రులు షాంఘై మీదుగా ఓడలు మారి రంగూన్ చేరారు. ఒకాయన పియానోలు బాగుచేసేవాడు, ఒకావిడ రొట్టెలు కాల్చేది. పెద్ద బడిలో చేరాలంటే ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. అందుకని మా బడిలో వాళ్లకొక ప్రత్యేక తరగతి పెట్టారు. ఇంగ్లీషులో నామవాచకాల ముందు పెట్టే 'ఎ'లూ 'ది'లూ వాళ్ల భాషలో లేవట. మన భాషలో మాత్రం ఉన్నాయా? ఎలీజా తాను చిన్నప్పుడు కాలుజారిన చోటల్లా ముందే వెళ్లి నిలబడి, వాళ్లను చెయ్యి పట్టుకుని దాటించేవారు.

సర్కారు వారి పాఠ్యపుస్తకంలో మొదటి కాంపొజిషన్ 'మా ఇల్లు'. కోల్యా అనే పన్నెండేళ్లవాడు ఆ మాట వరకూ రాసి, తల బల్లకు ఆనించి గంటసేపు అలాగే ఉండిపోయాడు. రెండోది 'మామయ్య గారి తోటలో సెలవులు'. ఆ మామయ్యను కాల్చేశారని ఇంకో పిల్ల చెప్పింది. ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న పసివాళ్ల చేత ఇలాంటివి రాయించమని చెప్పినవాడెవడో నాకు తెలియదుగానీ, వాడికి జీతం మాత్రం ముట్టే ఉంటుంది. ఎలీజా ఆ పుస్తకం మూసి బీరువాలో పెట్టేశారు.

మంగళవారం, శనివారం మధ్యాహ్నం భోజనాల వేళ కూలీలుండే వరస ఇళ్ల లైన్ల నుంచి అర్జీ కావలసిన వాళ్లను పిలిపించేవారు. పిల్లలు అడగాలి, విని రాయాలి. నియమం ఒక్కటే: చెప్పినవాళ్ల మాట రాయాలి, సొంత కవిత్వం కలపకూడదు. ఆ మంగళవారం పైడితల్లి వచ్చింది. వాళ్ల లైనులో డెబ్బై మందికి ఒకటే కుళాయి. ఇళ్ల యజమాని తరఫున పెత్తనం చేసే మేస్త్రీ దానికి తాళం వేసేశాడట. రాసే వంతు పద్నాలుగేళ్ల లీదాది. ఎలీజా పక్క గదిలో ఉన్నారు. లీదా ఇంగ్లీషులో అడుగుతుంటే తెలుగు చేసే పని నాది.

"నీ పెనిమిటి పేరేమిటమ్మా?" అన్నాను.

"ఓలమ్మ! ఇంటాయన పేరు నాను సెప్పొచ్చేటి బాబూ? కల్లు పోవా?"

"పేరు లేకపోతే అర్జీ చెల్లదమ్మా."

"ఏడుకొండలోడి పేరే బాబూ. సదువుకున్నోరు, తెల్దేటి తవరికి?"

నాకు తెలియకేం? వెంకన్న. కానీ రష్యా పిల్ల నియమం తప్పకుండా ఎలా రాస్తుందో చూద్దామని, నడివయసులో ఉండకూడని ఒక తుంటరి బుద్ధి పుట్టింది. మాటకు మాట ఇంగ్లీషు చేసి చెప్పాను. ఎలీజా తరవాత దిద్దుతారులే అనుకున్నాను. లీదా గుండ్రని అక్షరాలతో రాసింది: 'ఏడు కొండల ప్రభువు భార్యనైన నేను, తాగడానికి నీళ్లు లేక బాధపడుతున్నాను.' కాగితాన్ని కుర్చీలో ఆరబెట్టింది. ఆ తరవాత ఇన్‌స్పెక్టరు దొరగారు కూర్చున్నారు.

సాయంత్రం నేను ఎలీజా దగ్గర తప్పు ఒప్పుకున్నాను. ఆయన కోప్పడలేదు.

"దొరగారు పారేసి వెళ్లిన కాగితం దిద్దేశానండి. వెంకన్న అని పెట్టి, లీదా చేతే శుభ్రప్రతి రాయించి ఆరోగ్యశాఖ కచేరీకి పంపించేశాను. కానీ మీరు పక్కన ఉండీ ఆ పిల్లను నవ్వులపాలు చేశారు సత్యం గారూ. అది బాగులేదు."

తిట్టినా బాగుండేది.

ఇక దొరగారి సంగతి. ప్యాంటు మాట ఆయన ఎత్తలేదు. ఎత్తితే అది అందరూ చూశారని ఒప్పుకోవాలి. 'యూరోపియన్ పిల్లల చేత కూలీల అర్జీలు రాయిస్తారా?' అని హెడ్మాస్టరుకు మూడు పేజీలు రాశారు. అసలు ఈ అయిదుగురినీ అప్పటిదాకా యూరోపియన్లని అన్నదెవరు? పెద్ద బడి గేటు దగ్గర వాళ్లు కాగితాలు లేని పరదేశులు. ఆస్పత్రిలో వరస చివర నిలబడాల్సిన వాళ్లు. బస్తాలు మోసినవాడి కొడుకు చదువు చెప్పేసరికి మాత్రం ఉన్నట్టుండి యూరోపియన్లయిపోయారు! కుళాయికి తాళం వేసినవాడి మీద ఆ మూడు పేజీల్లో ఒక్క ముక్క లేదు.

పది రోజుల తరవాత శుక్రవారం హెడ్మాస్టరు ఎలీజాను తన గదికి పిలిచారు. దొరగారు కూడా అక్కడే కూర్చుని ఉన్నారు. తప్పు నాది కనక నేనూ వెంట వెళ్లాను. బల్ల మీద క్షమాపణ పత్రం టైపు చేసి సిద్ధంగా ఉంది: 'ఇకమీదట పాఠ్యపుస్తకంలోవే రాయిస్తాను, ఇతరులను బడిలోకి రానివ్వను.' సంతకం పెడితే తరగతి ఆయనకే ఉంటుంది. లేకపోతే పోతుంది.

"అయ్యా, ఆ ఏడుకొండల మాట నాది" అన్నాను లేచి.

"మిమ్మల్ని అడగలేదు" అన్నారు హెడ్మాస్టరు. నేను కూర్చున్నాను. అంత తొందరగా కూర్చున్నందుకు ఇప్పటికీ నా మీద నాకే మంట.

ఎలీజా పత్రం రెండుసార్లు చదివారు. జేబులోంచి పెన్సిల్ తీశారు. హెడ్మాస్టరు ముఖం వికసించింది. ఎలీజా అందులో రెండు తప్పులు దిద్ది, సంతకం లేకుండానే మర్యాదగా తిరిగి ఇచ్చేశారు.

"పిల్లలను 'మా ఇల్లు' రాయమని అడగడం నా వల్ల కాదండి. శనివారాలు వాళ్లు మా ఇంటికి వస్తామంటే తలుపు వేసుకోను" అన్నారు.

తరగతిని అక్కడికక్కడే డ్రిల్లు మాస్టారికి రాసేశారు. ఆ మహానుభావుడు సెలవు చీటీ కూడా ఎలీజా చేతనే రాయించుకునేవాడు!

ఎలీజా గొడుగు తీసుకుని లేచారు. దొరగారి కోపం ఇంకా తీరలేదు. మార్కుల రిజిస్టరు తెరిచి లీదా పేరు మీద వేలు పెట్టి పొడిచారు.

"ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత పనికిమాలిన కాంపొజిషన్ చూడలేదు. అందులో అందం లేదు, వర్ణన లేదు, ఒక్క నీతి వాక్యం లేదు. దీనికి నూటికి నూరు మార్కులా!"

"కుళాయిలో నీళ్లొచ్చాయండి" అన్నారు ఎలీజా.